సికిల్ సెల్ పిల్లల మెదడు స్కాను: ఉన్న 1.5 టెస్లా మీద కొత్త పద్ధతుల్లో ఏవి పనికొస్తాయి?

#1 గుణుపురం_తెర

అందరికీ నమస్కారమండీ. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు. 2023 జూలైలో దానికి జాతీయ మిషన్ మొదలయ్యాక రాయగడ, గజపతి జిల్లాల్లో రక్త పరీక్షలు ఊరూరా జరుగుతున్నాయి. దాంతో మెదడు స్కాను రాయించుకొచ్చే పిల్లలూ పెరిగారు. ఇక్కడున్న ఎంఆర్‌ఐ 1.5 టెస్లా (అయస్కాంత బలం), 16 చానెళ్ల హెడ్ కాయిల్ (తల చుట్టూ పెట్టి సిగ్నల్ పట్టేది). ఇప్పుడు నడుస్తున్న ప్రొటోకాల్: టీ1, టీ2, ఫ్లెయిర్ అనే మూడు రకాల బొమ్మలు (మూడూ 5 మి.మీ. స్లైసు, 1 మి.మీ. గ్యాపు; ఫ్లెయిర్‌లో నీరు నల్లబడి మచ్చలు తెల్లగా తేలతాయి), డిఫ్యూజన్ (కొత్త దెబ్బ చూపేది), టీఓఎఫ్ ఆంజియో (రక్తనాళాల బొమ్మ). మొత్తం 25 నిమిషాలు. ఆరేళ్ల పిల్లాడు అంతసేపు కదలకుండా ఉండమంటే ఉండడు కదా.

కంపెనీ మూడు లైసెన్సులకు కొటేషన్ ఇచ్చింది: ఏఐ రీకన్‌స్ట్రక్షన్ (తక్కువ డేటాతో బొమ్మ కట్టేది), 3డీ ఏఎస్‌ఎల్ (మెదడుకి చేరే రక్తం కొలిచేది), ఎస్‌డబ్ల్యూఐ (పాత రక్తం, సున్నం చుక్కలు చూపేది). మూడింటికీ డబ్బు చాలదు. ఏది ముందు తీసుకోవాలి? ఇంకో మాట. మంచం దగ్గరికే తోసుకెళ్లే చిన్న ఎంఆర్‌ఐ వచ్చిందట, ఇదంతా మానేసి అదే కొంటే పోలేదా అని పైనుంచి అడుగుతున్నారు. దానికేటి చెప్పాలి?

#2 బరంపురం_ఛాయ

తెర గారూ, లైసెన్సుల సంగతి తరవాత. ఆ పిల్లల్లో ఏం వెతుకుతున్నారో ముందు విడదీయండి. మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి.

రేపు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎవరికుంది? దీనికి ఎంఆర్‌ఐ అక్కర్లేదు. ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్, అంటే టీసీడీ చాలు, మెదడు నాళాల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో కొలిచే అల్ట్రాసౌండ్ అది. పైకి ఏ లక్షణమూ లేకుండా ఇప్పటికే మెదడులో చిన్న చిన్న దెబ్బలు తగిలాయా? దీనికి మంచి ఫ్లెయిర్ కావాలి. ఈ రోజు పిల్లాడికి చెయ్యి పడిపోయింది, లేదా స్పృహ తప్పింది, ఎందుకు? దీనికి డిఫ్యూజన్, ఆంజియో, ఎస్‌డబ్ల్యూఐ.

మొదటి ప్రశ్నకు రుజువు 1998 నాటిది. స్టాప్ ట్రయల్‌లో వేగం 200 సెం.మీ./సె. దాటిన 130 మంది పిల్లల్ని రెండు గుంపులు చేశారు. మామూలు వైద్యం అందిన 67 మందిలో 11 మందికి పక్షవాతం వచ్చింది, క్రమం తప్పకుండా రక్తం ఎక్కించిన 63 మందిలో ఒక్కరికే. మెదడు ఇమేజింగ్‌లో ఇంత సూటిగా పక్షవాతం ఆపిన అంకె ఇంకోటి చూపించడం కష్టం. అది ఏ కొత్త యంత్రమూ కాదు, 2 మెగాహెర్ట్జ్ ప్రోబు. మీ దగ్గర టీసీడీ లేకపోతే ముందు అది పెట్టండి. మూడు లైసెన్సులూ ఆగొచ్చు.

#3 సిరొంచ_ప్రాణహిత

ఛాయ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. గడ్చిరోలి దిక్కు కూడ ఇదే కథ, సిరొంచ, అహేరి, భామ్రాగడ్ అంత సికిల్ పట్టీయే. టీసీడీ ఎట్ల చేస్తరో రాస్త, ఎందుకంటే తప్పులు ఎక్కువ ఇక్కడనే జరుగుతయి.

వయసు 2 నుంచి 16 ఏండ్ల దాక, ఏడాదికి ఒకసారి. హెచ్‌బీ ఎస్ఎస్, ఎస్-బీటా సున్నా తలసేమియా (సికిల్‌ల తీవ్రమైన రెండు రకాలు) పిల్లలకు. పిలగాడు మేలుకొని ఉండాలె, నిమ్మళంగ ఉండాలె. నిద్రపోతే రక్తంల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతది, వేగం పెరిగి కనబడుతది. వెక్కివెక్కి ఏడిస్తె గాలి ఎక్కువ వదులుతడు, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతది, వేగం తగ్గి కనబడుతది. జ్వరముంటె పెరుగుతది. కొత్తగ రక్తం ఎక్కిచ్చి ఉంటె తగ్గుతది. నొప్పుల క్రైసిస్ నడుస్తుంటె ఆ దినం చేయద్దు, తగ్గినంక పిలవాలె.

తల అడ్డం కొలత కాలిపర్‌తో తీస్కోండ్రి, చెవి మీది కణత నుంచి ఆ పక్క కణత దాక. నడుమ గీత ఎంత లోతుల ఉంటదో దానితోనే తెలుస్తది, నాళం ఎక్కడ చీలుతదో అంచనా దొరుకుతది. కణత మీద కిటికీ (ఎముక పల్చగుండి అల్ట్రాసౌండ్ లోపలికి పోయే జాగ) పట్టుకొని ఎంసీఏ (మెదడు నడిమి ధమని) మీద 2 మి.మీ. చొప్పున లోతు మార్చుకుంట పోవాలె. ప్రతి లోతుల ఆగి చూడాలె, అన్నిటికన్న ఎక్కువ వచ్చిన అంకె రాయాలె. నడిమిట్ల ఒక్క జాగ కొలిచి వదిలిపెడితె ఎక్కువ వేగం జారిపోతది. రెండు పక్కల ఎంసీఏ, ఐసీఏ (మెడ నుంచి మెదడుకు పోయే పెద్ద ధమని) చివర, చీలే జాగ, అన్ని చూడాలె.

హద్దులు (సెం.మీ./సె.): 170 లోపు మామూలు. 170 నుంచి 199 నడిమి వర్గం, మళ్ల తొందరగ పిలవాలె. 200, ఆపైన అసాధారణం, కొద్ది వారాల్ల రెండోసారి చేసి ఖాయం చేస్తరు. 220 దాటితె రెండోసారి కోసం ఆగద్దు, వెంటనే హెమటాలజీ వాళ్లకు చెప్పాలె.

అసలు కిటికీ ఉండి కూడ నాళం దొరకకపోతె, లేకపోతె వేగం 70 కంటె తక్కువుంటె, "మామూలు" అని రాసి పంపద్దు. నాళం మూసుకపోతున్నదేమో. అప్పుడు ఎంఆర్ ఆంజియోకి పోవాలె.

#4 గుణుపురం_తెర

విడిగా టీసీడీ యంత్రం లేదండీ. కలర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ ఉంది, ఫేజ్‌డ్ అరే కార్డియాక్ ప్రోబు కూడా ఉంది. దాంతో చేసేయొచ్చా? రేడియాలజీ వాళ్లు ఈమధ్య ఒకటి చేసి 260 అని రాశారు, అందరూ కంగారు పడ్డారు.

#5 సిరొంచ_ప్రాణహిత

చేయచ్చు. కని ఆ 260 ఏ అంకె అన్నది ముందు చూడుండ్రి. చాన మటుకు అది పీక్ సిస్టోలిక్, గుండె కొట్టినప్పుడు వచ్చే అన్నిటికన్న ఎక్కువ వేగం. స్టాప్ హద్దు పీక్ మీద కాదు, గుండె కొట్టుకునే చక్రం మొత్తం మీద పై అంచు సగటు, టీఏఎంఎం అంటరు. యంత్రంల ఆటో ట్రేస్ పెట్టి ఎన్వలప్ సగటు తీయాలె. ఆటో ట్రేస్ లేకపోతె ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: పీక్‌కు డయాస్టోలిక్ చివరి వేగం (గుండె సడలినప్పుడు ఆఖరున ఉండేది) రెండింతలు కలిపి మూడుతోని భాగించాలె. పీక్ 260, డయాస్టోల్ చివర 120 అనుకో. 260కి 240 కలిపితె 500, మూడుతోని భాగిస్తె 167. అంటె 200 దాటనే లేదు! అంత కంగారు అక్కర లేదు, కని కింద చెప్పే టీసీడీఐ హద్దుల్ల ఇది నడిమి వర్గం, మళ్ల తొందరగ పిలవాలె. అదే డయాస్టోల్ చివర 175 ఉంటె సగటు 203, గప్పుడు నిజంగ ఎక్కువ.

రెండోది. కలర్ డాప్లర్ యంత్రం, దాన్ని టీసీడీఐ అంటరు, విడి టీసీడీ కంటె సుమారు 10 శాతం తక్కువ చూపెడుతది. అందుకని చాన సెంటర్లు టీసీడీఐకి 185ను అసాధారణం అని, 155 నుంచి 184ను నడిమి వర్గం అని పెట్టుకున్నయి. యాంగిల్ కరెక్షన్ వాడద్దు, కోణం సున్నా మీదనే పెట్టాలె. స్టాప్‌ల కోణం దిద్దలేదు గద. దిద్దితె అంకె పెరుగుతది, 200తోని పోల్చనీకి రాదు.

#6 రాజురా_బొగ్గు

ప్రాణహిత అన్నా, మనోళ్లలో అరబ్-ఇండియన్ హాప్లోటైప్ (సికిల్ జన్యువుల ఒక రకం), హీమోగ్లోబిన్ ఎఫ్ (కడుపుల బిడ్డకుండే రకం) ఎక్కువ. పక్షవాతం తక్కువంటరు కదా. ఆఫ్రికన్ పిల్లల మీద కట్టిన హద్దులు మన పిల్లలకు సరిపోతయా?

#7 బరంపురం_ఛాయ

ఎఫ్ ఎక్కువుంటే రక్షణ కొంత ఉంటుంది, అది నిజమే. కానీ లేకుండా పోదు. విదర్భ పిల్లల్లో జబ్బు తీవ్రంగానే ఉంటుందని నాగపూర్ వైద్యులు రాస్తూనే ఉన్నారు. హద్దు మార్చడానికి మన దగ్గర స్టాప్ లాంటి ట్రయల్ జరగలేదు. అందుకే అందరూ అవే అంకెలు వాడుతున్నారు. తక్కువ మందికే వస్తుంది కదా అని స్క్రీనింగ్ మానేస్తే ఆ తక్కువ మందిని పట్టేదెవరు?

ఇక రెండో ప్రశ్నకొస్తాను, ఎందుకంటే మీ ప్రొటోకాల్‌లో అసలు లోపం అక్కడుంది. నిశ్శబ్ద ఇన్‌ఫార్క్ట్‌కి (పైకి తెలియకుండా, రక్తం అందక చచ్చిన మెదడు చోటు) 2014 ట్రయల్‌లో వాడిన నిర్వచనం ఇది: ఫ్లెయిర్‌లో కనీసం 3 మి.మీ. ఉన్న తెల్ల మచ్చ, రెండు ప్లేన్లలోనూ కనబడాలి, దానికి తగ్గ నరాల లోపం పైకి ఉండకూడదు. మీది 5 మి.మీ. స్లైసు, 1 మి.మీ. గ్యాపు. 3 మి.మీ. మచ్చ సరిగ్గా గ్యాపు నడుమ పడిందనుకోండి. 1 మి.మీ. గ్యాపులో పోతుంది, పైస్లైసులో 1, కిందిస్లైసులో 1 మిగులుతుంది. అంటే ఒక్కో స్లైసు మందంలో మచ్చ వాటా 20 శాతమే. మిగతా 80 శాతం మంచి కణజాలంతో కలిసి తెలుపు చచ్చిపోతుంది. రెండో ప్లేన్ అసలే తీయడం లేదు. అలాంటి స్కాను చూసి "ఇన్‌ఫార్క్ట్ లేదు" అని రాస్తే దానికి అర్థం లేదు.

3డీ ఫ్లెయిర్ 1 మి.మీ. ఐసోట్రోపిక్ (అన్ని దిశల్లోనూ 1 మి.మీ.) పెట్టండి. ఒక్కసారి తీస్తే మూడు ప్లేన్లూ వస్తాయి. మీ యంత్రంలో 3డీ ఫ్లెయిర్ లేకపోతే 2డీ ఫ్లెయిర్ 3 మి.మీ., గ్యాపు సున్నా, యాక్సియల్, కరోనల్ రెండూ. గ్యాపు సున్నా పెట్టినప్పుడు స్లైసులు ఒకదాన్నొకటి పాడు చేస్తాయి కాబట్టి ఇంటర్‌లీవ్ రెండు కాంకాటినేషన్లు (స్లైసు విడిచి స్లైసు, రెండు విడతల్లో) ఉంచాలి.

మోసపోయే చోట్లు రెండు. వెంట్రికిల్ (మెదడులోని నీటి గది) వెనక మూల దగ్గర చిన్నపిల్లల్లో రెండువైపులా సమానంగా మసక తెలుపు ఉంటుంది, మైలిన్ (నరాల పైపూత) ఇంకా పూర్తికాని చోటు అది. నాళాల చుట్టూ ఉండే ఖాళీలు టీ2లో తెల్లగా ఉంటాయి, ఫ్లెయిర్‌లో నల్లబడతాయి. ఆ రెండూ ఇన్‌ఫార్క్ట్‌లు కావు.

#8 గుణుపురం_తెర

3డీ ఫ్లెయిర్ ఉందండీ, కానీ ఏడు నిమిషాలకు పైనే పడుతోంది. అందుకే ఏఐ రీకన్ కావాలనుకున్నాం.

#9 పర్లాకిమిడి_భౌతికం

అయితే వేగం ఎక్కడినుంచి వస్తుందో తెలిసి కొనండి. కంపెనీ బ్రోచర్‌లో ఉన్న "సగం టైము" ఒక్క చోట నుంచి రాదు.

ఎంఆర్‌ఐలో కొలిచేది బొమ్మ కాదు, కే-స్పేస్ గీతలు, అంటే బొమ్మ కట్టే ముడి సిగ్నల్. ఒక్కో గీతకు ఇంత టైము. గీతలు తగ్గిస్తే టైము తగ్గుతుంది, కానీ బొమ్మ మడతపడి తన మీద తనే పడుతుంది. 1999లో సెన్స్, 2002లో గ్రాపా అనే పద్ధతులు వచ్చి, కాయిల్‌లోని చానెళ్లు ఒక్కోటి తలను ఒక్కో పక్కనుంచి చూస్తాయి కాబట్టి ఆ తేడాతో మడత విప్పాయి. దీనికి మూల్యం నాయిజు. గీతలు ఆర్ రెట్లు తగ్గిస్తే సిగ్నల్-నాయిజు నిష్పత్తి ఆర్ వర్గమూలంతో తగ్గుతుంది. రెండు రెట్లకు 71 శాతం మిగులుతుంది, మూడుకి 58, నాలుగుకి 50. దానిపైన కాయిల్ అమరికవల్ల వచ్చే జీ-ఫ్యాక్టర్ నష్టం వేరే, అది తల నడుమ ఎక్కువ. 16 చానెళ్ల కాయిల్‌తో ఒక దిశలో రెండు దాటితే నడుమ గరగరలాడుతుంది. 3డీలో రెండు దిశల్లో పంచుకోవచ్చు కనుక కొంచెం మెరుగు.

2007లో కంప్రెస్‌డ్ సెన్సింగ్ వచ్చింది. గీతల్ని చెల్లాచెదురుగా ఏరి, బొమ్మకి సహజంగా ఉండే పొదుపుని వాడుకుని మిగతాది పూరిస్తుంది. ఏఐ రీకన్ ఆ పూరించే పనిని వేల స్కాన్ల నుంచి నేర్చుకున్న నెట్‌వర్క్‌కి అప్పగిస్తుంది. 2020 నుంచి పెద్ద కంపెనీలన్నీ ఏదో పేరుతో అమ్ముతున్నాయి.

ఇక్కడ అడగాల్సిన మాటలు. ఆ లైసెన్సు 2డీకేనా, 3డీకి కూడానా? మీకు కావలసింది 3డీ ఫ్లెయిర్. 2డీ లైసెన్సు కొంటే టీ1, టీ2 వేగంగా వస్తాయి, మీ ఏడు నిమిషాలు ఏడు నిమిషాలుగానే ఉంటాయి. రీకన్ కంప్యూటర్ కూడా మార్చాలా? జీపీయూ వేరే బిల్లులో వస్తే కొటేషన్ మారిపోతుంది. మొదట మీ దగ్గర ఉన్న కంప్రెస్‌డ్ సెన్సింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా యంత్రాల్లో లైసెన్సు ఉండీ ప్రొటోకాల్లో పెట్టరు.

#10 రాజురా_బొగ్గు

మా దిక్కు చూసిన బొమ్మలైతే ఏఐవే మంచిగ కనబడుతున్నయి. నాయిజు లేదు, అంచులు కత్తితో కోసినట్టున్నయి. భయమెందుకు?

#11 పర్లాకిమిడి_భౌతికం

బొగ్గు గారూ, మీరు మెచ్చుకుంటున్న ఆ నున్నదనమే నాకు అనుమానం. నాయిజు ఉన్న బొమ్మ తన బలహీనత తానే చెబుతుంది, గరగరలాడుతోంది, నమ్మకు అని. ఏఐ బొమ్మ అది చెప్పదు. 2020లో జరిగిన ఫాస్ట్ఎంఆర్‌ఐ మెదడు పోటీలో, గీతలు ఎనిమిది రెట్లు తగ్గించినప్పుడు నెట్‌వర్కులు లేని ఆకారాల్ని కల్పించిన ఉదాహరణలు దొరికాయి. నాలుగు రెట్ల దగ్గర పరిస్థితి మెరుగే, కానీ అక్కడా పూర్తిగా సున్నా కాదు. కాబట్టి "ఏఐ మంచిదా చెడ్డదా" అని అడిగి లాభం లేదు, ఎన్ని రెట్లు అని అడగాలి.

ఇంకో చిక్కు కదలిక. నెట్‌వర్క్ శుభ్రమైన కే-స్పేస్ వస్తుందనుకుని పని చేస్తుంది. పిల్లాడు కదిలితే వచ్చే దెయ్యపు గీతల్ని సగం నున్నగా చేసేస్తుంది, మిగిలిన సగం నిజమైన మచ్చలా కూర్చుంటుంది. ఏఐ వల్ల కదలిక తగ్గదు, స్కాను చిన్నదై కదిలే అవకాశం తగ్గుతుంది, అంతే. కదిలే పిల్లాడికి ప్రొపెల్లర్ లేదా బ్లేడ్ అనే చక్రంలా తిరిగే సీక్వెన్సే దిక్కు.

#12 బరంపురం_ఛాయ

నేను దీన్ని రేడియాలజీ వైపు నుంచి చెబుతాను. ఏఐ ఆన్ చేసిన తొలి నెలల్లో ఒకే ముడి డేటా నుంచి రెండు సిరీస్‌లు పంపించుకోండి, మామూలు రీకన్ ఒకటి, ఏఐది ఒకటి. సిరీస్ పేరులోనే ఏది ఏదో ఉండాలి. ఏఐలో కనబడి మామూలుదాంట్లో ఆనవాలు కూడా లేని 3 మి.మీ. మచ్చని లెక్కలోకి తీసుకోకండి. అలాగే మామూలుదాంట్లో మసగ్గా ఉండి ఏఐలో మాయమైనదాన్ని వదిలేయకండి. డీనాయిజ్ స్థాయిని మధ్యస్థం దాటించొద్దు. పిల్లాడికి రెండేళ్ల తరవాత మళ్లీ స్కాను చేస్తారు, అప్పుడు కొత్త మచ్చ వచ్చిందా అని పోలుస్తారు. మొదటిది మామూలు 5 మి.మీ., రెండోది ఏఐ 1 మి.మీ. అయితే "కొత్త మచ్చలు" బోలెడు కనబడతాయి. వాటిలో సగం పాతవే, అప్పుడు కనబడనివి. రిపోర్టులో ప్రొటోకాల్ మారిందని రాయకపోతే హెమటాలజిస్ట్ జబ్బు ముదిరిందనుకుని చికిత్స మారుస్తారు.

#13 కిన్వట్_పిల్లలవార్డు

యంత్రం గురించి ఇంత రాసిండ్రు, పిల్లను బల్ల మీద పండబెట్టేది ఎవరు? కొంచెం ఆ ముచ్చట కూడ.

సికిల్ పిల్లకు మత్తు ఇచ్చుడు అంటే వేరే పిల్లలకు ఇచ్చినట్టు కాదు. ఆక్సిజన్ పడిపోయినా, ఒంట్ల నీళ్లు తగ్గినా, చలి పెట్టినా కణాలు కొడవలిలెక్క వంకర తిరుగుతయి. అందుకే అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2020 మార్గదర్శకాలు కూడ స్క్రీనింగ్ ఎంఆర్‌ఐ మత్తు లేకుండ చేయగలిగే బడి వయసుల ఒక్కసారైన చేయమన్నయి. అంటే మూడేండ్ల పిల్లకు మత్తిచ్చి స్క్రీనింగ్ చేయనక్కర లేదు, ఆరేడేండ్లు వచ్చేదాక ఆగచ్చు. లక్షణాలుంటే సంగతి వేరు.

మత్తు లేనప్పుడు పస్తు పెట్టద్దు. మంచిగ నీళ్లు తాగిచ్చి, ఒంటికి పోయించి తీసుకపోవాలె. స్కాను గది 20, 22 డిగ్రీలుంటది, పిల్లకు దుప్పటి కప్పాలె, కాళ్లకు సాక్సు తొడగాలె. చెవులకు ప్లగ్గు, పైన మఫ్. చప్పుడు ముందే ఫోన్‌ల వినిపిస్తే లోపల జడుసుకోరు. తల పక్కల స్పంజి గట్టిగ పెట్టాలె, కని చెవి మీద ఒత్తద్దు. అమ్మను లోపలికి పంపుతే ఆమెది కూడ స్క్రీనింగ్ చేయాలె, మట్టెలు, నడుముకు మొలతాడు, తాయెత్తు రేకు, జడపిన్నులు. గోండు, మాడియా తల్లులు మెడల లోహపు కడియాలు ఏసుకుంటరు, అవి తీయనీకి టైము పడుతది, ముందే చెప్పాలె.

సీక్వెన్సుల వరుస: ఫ్లెయిర్ ముందు, డిఫ్యూజన్ తర్వాత, ఆంజియో ఆఖరికి. నడుమల లేచిపోయినా ముఖ్యమైంది చేతికి వస్తది.

#14 గుణుపురం_తెర

చాలా బాగా చెప్పారక్కా. మా వరుస ఇప్పటిదాకా టీ1తో మొదలవుతోంది, దాన్ని బేగి మార్చేస్తాం. మరి ఏఎస్‌ఎల్, ఎస్‌డబ్ల్యూఐ?

#15 బరంపురం_ఛాయ

ఏఎస్‌ఎల్ మంచి పద్ధతే. మందు ఎక్కించకుండా, రక్తంలోని నీటినే మెడ దగ్గర అయస్కాంతంతో గుర్తుపెట్టి మెదడుకి ఎంత రక్తం చేరుతోందో కొలుస్తుంది. గడోలినియం అనే ఎక్కించే మందు లేదు, కిడ్నీ భయం లేదు. కానీ సికిల్‌లో అంకె తప్పుతుంది, అదీ ఒకే దిశలో కాదు.

2015 నాటి ఉమ్మడి సిఫార్సు ప్రకారం పిల్లలకు లేబుల్ (గుర్తుపెట్టే సమయం) 1800 మి.సె., ఆగే సమయం 1500 మి.సె. లెక్కలో రక్తం టీ1 విలువ (ఆ గుర్తు ఎంతసేపట్లో మాసిపోతుందో చెప్పేది) 1.5 టెస్లాకి 1350 మి.సె. అని, లేబుల్ సామర్థ్యం 0.85 అని పెడతారు. ఈ రెండూ మామూలు రక్తానికి. రక్తహీనత ఉంటే టీ1 పొడుగవుతుంది. ఒక పిల్లాడికి నిజంగా 1500 ఉండగా యంత్రం 1350 వేసుకుంటే ప్రవాహం సుమారు 18 శాతం ఎక్కువ చూపిస్తుంది. మరోపక్క మెడలో రక్తం వేగంగా పోతుంది కనుక లేబుల్ సరిగ్గా పడదు, అది తక్కువ చూపిస్తుంది. రెండూ కొట్టుకుపోతాయని ఆశపడకండి. ఇంకా, వేగంగా వచ్చిన లేబుల్ కణజాలంలో దిగకుండా సిరల్లోకి దాటిపోతుంది. మధ్యరేఖ సిరలో తెల్లగా వెలిగితే అదే కారణం.

అంకెలు నమ్మకుండా కుడి-ఎడమ తేడా చూడటానికి పనికొస్తుంది. మీ బడ్జెట్‌లో ఇది చివరిది.

ఎస్‌డబ్ల్యూఐ ముందు కొనండి. సికిల్‌కే కాదు, మీ జిల్లాల్లో మూర్ఛలతో వచ్చేవాళ్లలో న్యూరోసిస్టిసర్కోసిస్ (మెదడులో బద్దెపురుగు తిత్తులు) ఎంతుందో మీకే తెలుసు. 1.5 టెస్లాలో ఎకో టైము (సిగ్నల్ పట్టే ముందు ఆగే సమయం) 40 మి.సె. దగ్గర, స్లైసు 2 మి.మీ. ఎండిపోయిన తిత్తిలో సున్నం, పాత రక్తం, రెండూ నల్లటి చుక్కలే. విడదీయాలంటే ఫేజ్ బొమ్మ కావాలి. ఒక కంపెనీ యంత్రంలో రక్తం తెల్లగా, ఇంకో కంపెనీ దాంట్లో నల్లగా వస్తుంది, గుర్తు పెట్టుకోవడం కష్టం. సులువు ఏమిటంటే, అదే స్లైసులో సిర చూడండి. సిరలోని రక్తం ఏ రంగులో ఉందో చుక్క కూడా అదే రంగులో ఉంటే రక్తం, ఎదురు రంగులో ఉంటే సున్నం. పెద్దపిల్లల్లో, పెద్దవాళ్లలో వెంట్రికిళ్లలోని కోరాయిడ్ ప్లెక్సస్‌కి పట్టిన సున్నంతో సరిచూసుకోవచ్చు. ఫేజ్ సిరీస్‌ని పాక్స్‌కి (బొమ్మలు దాచే కంప్యూటర్‌కి) పంపడం మర్చిపోతే ఇదంతా వృథా.

సికిల్‌లో ఎస్‌డబ్ల్యూఐకి ఇంకో పెద్ద పని ఉంది. ఒళ్లంతా నొప్పులతో వచ్చి ఉన్నట్టుండి మగతలోకి పోయే రోగి. ఎముక మజ్జ చచ్చి కొవ్వు రక్తంలో కలిసి మెదడుకి చేరితే, తెల్ల పదార్థం నిండా లెక్కలేనన్ని చిన్న నల్లచుక్కలు కనబడతాయి. సీటీలో ఏమీ ఉండదు. ఇది పట్టుకుంటే రక్తమార్పిడికి వెంటనే పంపొచ్చు.

#16 కోరాపుట్_వోల్టు

చిన్న ఎంఆర్‌ఐ గురించి ఎవరూ రాయలేదు, అది నా పద్దు.

చక్రాల మీద తిరిగేది 0.064 టెస్లా, 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. శాశ్వత అయస్కాంతం, హీలియం లేదు, గోడ ప్లగ్గు చాలు. బరువు 600 కిలోల పైన, ర్యాంపు ఉన్న చోటికే వెళుతుంది, మెట్లుంటే లేదు. హాంగ్‌కాంగ్ వాళ్లు 2024లో 0.05 టెస్లాతో ఒళ్లంతా స్కాన్ చేసే నమూనా కూడా చూపించారు, 1800 వాట్ల ప్లగ్గుతో. అబద్ధమేమీ లేదు, పని చేస్తాయి.

కానీ తెర గారి పనికి పనికిరాదు. 1.5ని 0.064తో భాగించండి, 23 వస్తుంది. సిగ్నల్ కనీసం అన్ని రెట్లు తగ్గుతుంది, నిజానికి ఇంకా ఎక్కువే. దాన్ని పూడ్చడానికి వోక్సెల్ (బొమ్మలోని ఒక్కో ఘనపు గడి) పెద్దది చేస్తారు, సుమారు 1.6, 1.6, 5 మి.మీ. అంటే 12.8 ఘన మి.మీ. ఛాయ గారు చెప్పిన 3 మి.మీ. మచ్చకి మళ్లీ పాత కథే. ఏఐ దాన్ని నున్నగా 1 మి.మీ. బొమ్మలా చూపిస్తుంది, కానీ కొలవనిది కొత్తగా పుట్టదు. వెంట్రికిళ్లు ఉబ్బాయా, పెద్ద రక్తస్రావమా, మెదడు పక్కకి జరిగిందా, ఐసీయూలో వెంటిలేటర్ మీదున్నవాణ్ని కదపకుండా చూడాలా, వీటికి దివ్యంగా ఉంటుంది.

పెట్టే చోటు కూడా చూసుకోవాలి. అది పనిచేసేది 2.7 మెగాహెర్ట్జ్ దగ్గర. షీల్డు గది ఉండదు, బయటి గోల యాంటెన్నాలతో పట్టి తీసేస్తుంది. చవక ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఇన్వర్టర్, ఫోన్ చార్జర్లు సరిగ్గా ఆ బ్యాండులోకి చెత్త వదులుతాయి. బొమ్మ మీద అడ్డంగా గీతలొస్తే ముందు గదిలో ప్లగ్గులు ఒక్కోటీ తీసి చూడండి. ఇక్కడి కరెంటు ఇన్వర్టర్ మీద పడటం మామూలే కదా, ప్యూర్ సైన్‌వేవ్ లేకపోతే ఇబ్బంది. మన దేశ అనుమతి కాగితం, దగ్గర్లో సర్వీస్ ఇంజినీరు, ఈ రెండూ లేకుండా ఆర్డరు పెట్టొద్దు.

ఇంకోటి, ఎవరూ అడగనిది. కొత్త 1.5 టెస్లాల్లో 7 లీటర్ల హీలియంతో సీలు వేసినవి వచ్చాయి, 0.55 టెస్లాలో లీటరు కూడా పట్టనిది ఉంది. పాతవాటికి సుమారు 1500 లీటర్లు. క్వెంచ్ పైపు (హీలియం ఒక్కసారిగా ఆవిరైతే బయటికి పంపేది) అక్కర్లేదు, ట్యాంకరు ఘాటు ఎక్కి రానక్కర్లేదు, బాగుంది. కానీ పాతదాంట్లో ఆ 1500 లీటర్లే చల్లదనపు నిల్వ. కరెంటు పోయి కంప్రెసర్ ఆగినా రోజుల తరబడి అయస్కాంతం నిలుస్తుంది, హీలియం కొంత పోతుంది, అంతే. కొత్తదాంట్లో నిల్వ లేదు. చిల్లర్ ఆగితే గంటల్లో వేడెక్కి ఫీల్డు దింపేస్తుంది, మళ్లీ చల్లార్చి ఎక్కించడానికి టైము పడుతుంది. ఎన్ని గంటలు ఆగగలదో కొటేషన్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. జనరేటర్ లెక్క వేసేటప్పుడు స్కానర్‌ని కాదు, చిల్లర్‌నీ కోల్డ్‌హెడ్ కంప్రెసర్‌నీ ముందు పెట్టండి.

#17 రాజురా_బొగ్గు

ఫ్రాన్స్‌ల 11.7 టెస్లా వచ్చింది, 132 టన్నుల అయస్కాంతం, నాలుగు నిమిషాల్ల 0.2 మి.మీ. బొమ్మ. మనమేమో 3 మి.మీ. మచ్చ కోసం కొట్లాడుతున్నం 🙂 హీలియం లేని ఎంఈజీ (మెదడు పుట్టించే అయస్కాంత సిగ్నల్ కొలిచేది) హెల్మెట్ కూడ వచ్చిందట, 2018ల. పిల్లలు తల ఊపినా పని చేస్తదట.

#18 పర్లాకిమిడి_భౌతికం

అవును, రుబీడియం ఆవిరి సెన్సర్లు, లోపల సుమారు 150 డిగ్రీల వేడి, తలకి తగలకుండా ఇన్సులేషన్. కానీ చుట్టూ భూమి అయస్కాంతాన్ని దాదాపు సున్నాకి దించే గది కావాలి. గది ఖర్చు హెల్మెట్‌ని మించుతుంది. మూర్ఛ శస్త్రచికిత్స చేసే పెద్ద సెంటర్ల పని అది. ఈ దారంలో దానికి చోటు లేదు.

#19 నిర్వాహకుడు

సరిగ్గా చెప్పారు. 7, 11.7 టెస్లా గురించి, పెద్దవాళ్ల పక్షవాతం సీటీ పర్‌ఫ్యూజన్ గురించి విడి దారాలు తెరవండి. ఇక్కడ సికిల్ పిల్లల సంగతే.

#20 గుణుపురం_తెర

ఆఖరి ప్రశ్నండీ. టీఓఎఫ్ ఆంజియోలో ఐసీఏ వంపు దగ్గర సన్నబడినట్టు తరచు వస్తోంది, టీసీడీ చూస్తే మామూలు. ఏది నమ్మాలి?

#21 పర్లాకిమిడి_భౌతికం

ఎకో టైము ఎంతుంది? 6.9 మి.సె. దగ్గర ఉంటుంది, 1.5 టెస్లాలో ఫ్యాక్టరీ సెట్టింగు అది, కొవ్వు సిగ్నల్ చంపడానికి. రక్తహీనతలో ప్రవాహం వేగంగా, సుడులు తిరుగుతూ పోతుంది. వంపు దగ్గర ఆ సుడుల్లో సిగ్నల్ చెదిరి నాళం నల్లబడుతుంది, స్టెనోసిస్‌లా, అంటే నాళం సన్నబడినట్టు కనబడుతుంది. ఎకో టైము తగ్గించండి. 3 మి.సె. లేదా గ్రేడియంట్ ఇవ్వగలిగినంత తక్కువ. 4.6 దగ్గర మాత్రం ఆపొద్దు, అక్కడ కొవ్వు, నీరు ఒకే దిశలో కలిసి కొవ్వు వెలిగిపోతుంది. బ్యాండ్‌విడ్త్ పెంచండి, వోక్సెల్ చిన్నది చేయండి. ఎంఐపీ (స్లైసులన్నీ కలిపి కట్టే) బొమ్మ మీద సన్నదనం తేల్చకండి, ముడి స్లైసులు చూడండి.

#22 బరంపురం_ఛాయ

అదే చోట డిఫ్యూజన్, ఫ్లెయిర్ శుభ్రంగా ఉండి, ముందున్న కొమ్మలు నిండుగా ఉంటే సుడి అని అనుమానించండి. కొమ్మలు సన్నబడి, అడుగున పొగలా చిన్న నాళాలు పుట్టి ఉంటే మోయామోయా. టీసీడీ మామూలుగా ఉన్నా ఆ పిల్లని వదలొద్దు.

#23 సిరొంచ_ప్రాణహిత

తెరన్నా, టీసీడీ రిజిస్టర్‌ల ఈ కాలాలు పెట్టుకో, మళ్లొచ్చినప్పుడు పోల్చనీకి అక్కరకొస్తయి: యంత్రం టీసీడీయా టీసీడీఐయా, టీఏఎంఎం కుడి ఎడమ, అది దొరికిన లోతు, పిలగాడు మేల్కొని ఉన్నడా, జ్వరం, ఆ దినం హీమోగ్లోబిన్, రక్తం ఎక్కిచ్చి ఎన్ని దినాలు, హైడ్రాక్సీయూరియా (సికిల్ మందు) నడుస్తున్నదా. నాళం దొరకకపోతె గడి ఖాళీగ వదలద్దు, "కిటికీ లేదు" అనో "కిటికీ ఉన్నది, నాళం లేదు" అనో రాయి.